కొంగ బొమ్మ పెట్టె

నా చిన్నప్పుడు, చనిపోయి ఏడాదైన మా తాతయ్య దగ్గు మళ్ళీ విన్నాను. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వనీండి, విన్నది నేను కదా!

మాది దాచేపల్లి దగ్గర పల్లె. తాతయ్య సున్నపురాయి క్వారీలో పనిచేసేవాడు. మొదట్లో ఎర్ర పెట్టె సిగరెట్లు తాగేవాడు. దగ్గు పట్టుకున్నాక, మానెయ్యమని ఇంటిల్లిపాదీ పోరితే తెల్ల పెట్టెకు మారాడు. దాని మీద నీలం రంగు నీళ్ళు, ఆ నీళ్ళలో ఒక కొంగ. చూస్తేనే గొంతు చల్లబడేట్టు ఉండేది. ఇది చల్లని పొగ, దీనికేం కాదు అనేవాడు. అంటూ అంటూనే ఎముకల గూడై చనిపోయాడు. ఆ తర్వాత మా నాన్న కూడా ఎర్ర పెట్టెది గొంతు కోస్తోందని అదే కొంగ పెట్టె పట్టాడు. పొద్దున లేస్తే ఆయనకూ దగ్గే. భర్తను మింగిన పెట్టె కొడుకు జేబులో కనబడుతుంటే మా నాయనమ్మకు ముద్ద దిగేది కాదు.

మా వైపు పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి, పటం ముందు ఉంచి, తలుపు దగ్గరికేసి అందరం బయటికి వచ్చేస్తాం. వాళ్ళు వచ్చి తిని పోతారని నమ్మకం. తాతయ్య సంవత్సరీకం సాయంత్రం నాయనమ్మ గారెలు, కోడికూర పెట్టి, కొంగ పెట్టెలోంచి ఒక సిగరెట్ తీసి వెలిగించి పటం ముందు ఆనించింది. మేమంతా అరుగు మీద కూర్చున్నాం. ఆకు కదిలేంత గాలి లేదు. అయినా తలుపు సందులోంచి పొగ సన్నగా బయటికొచ్చి మా వైపే తిరిగింది. అచ్చం తాతయ్య వాసన. నేను అమ్మ వెనక్కి పోయి నిలబడ్డాను.

తలుపు తీసేసరికి సిగరెట్ కొసదాకా కాలిపోయింది. బూడిద మాత్రం రాలకుండా అలాగే పుల్లలా నిలిచి ఉంది. తాగి వెళ్ళాడంటూ మా అత్త చెంపలేసుకుంది. నాయనమ్మ తలుపు మళ్ళీ దగ్గరికేసి, ఆ పెట్టె తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. పెద్దలకు పెట్టింది ఇంట్లోవాళ్ళు తీసుకోవాలి, అదీ ఆచారమే. కానీ ఏడాదంతా తాగొద్దని తిట్టిన మనిషే ఇస్తోందేమిటని అమ్మ నోరు తెరిచి చూసింది.

నాన్న వెలిగించి, గుండెల నిండా పీల్చి, కళ్ళు మూసుకుని వదిలాడు.

"ఎట్టుందిరా?" అంది నాయనమ్మ.

"సల్లగా ఉందమ్మా."

"అది ఎర్ర పెట్టెదిరా. పొద్దున ఈ పెట్టెలో నేనే మార్చి పెట్టా. మీ నాయన కూడా పోయేదాకా సల్లగా ఉందనే అన్నాడు."

నాన్న సిగరెట్ తిప్పి, చివర సన్నగా అచ్చేసిన పేరు చూశాడు. రెండు రకాలూ చూపుకు ఒకటే, ఆ అక్షరాలు ఎవరు చదువుతారు గనక! ఆయన మొహం పాలిపోయింది. అంతసేపూ చల్లగా దిగిన పొగ అప్పుడు గొంతు పట్టుకుంది. రెండు చిన్న దగ్గులు, కాస్త ఆగి, అడుగు నుంచి ఒక పెద్దది. అది తాతయ్య దగ్గు. నాన్న నోట్లోంచి వచ్చిందో, మా వెనక మూసిన తలుపు లోపలి నుంచి వచ్చిందో ఈ రోజుకీ చెప్పలేను.

"నీకు గూడా ఆకేసి పెట్టే ఓపిక నాకు లేదయ్యా," అని నాయనమ్మ ఏడ్చింది.

నాన్న ఆ పూటే మానేశాడంటే అబద్ధం. చాలాకాలం పట్టింది. మొత్తానికి మానేశాడు. నాయనమ్మకు తలకొరివి ఆయనే పెట్టాడు.

ఇప్పుడు సిగరెట్ పెట్టెల మీద కొంగలు లేవు, హెచ్చరికగా పుండ్ల బొమ్మలు వేస్తున్నారు. మొన్న నరసరావుపేట బస్టాండు దగ్గర, నేను వెనకే ఉన్నానని చూసుకోకుండా మా మనవడు కొట్టతన్ని అడుగుతున్నాడు: "ఆ గొంతు బొమ్మది వద్దన్నా, వేరే బొమ్మది ఇయ్యి." అతను మార్చి ఇచ్చాడు. వీడు కొత్త బొమ్మ చూసుకుని గండం తప్పినట్టు జేబులో పెట్టుకున్నాడు.  వాడి జబ్బ పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, బస్సు వచ్చేలోగా ఈ కథంతా చెప్పాను.

వాడు నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే దగ్గొచ్చింది. రెండు చిన్నవి, కాస్త ఆగి, అడుగు నుంచి ఒకటి. ఇన్నేళ్ళుగా చెవిలో మోస్తున్నదాన్ని, నేను గుర్తుపట్టనా?