నా నాట్యానికి పసుపునీళ్ళు

నా నాట్యం చూసి చప్పట్లు కొట్టకపోయినా ఓర్చుకుంటాను. మధ్యలో లేచి టీ తాగడానికి వెళ్ళినా సరే అనుకుంటాను. కానీ రాజోలు దగ్గర మా ఊరి అమ్మవారి జాతరలో జనం నాకు చేసిన మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ నాట్యం మా అమ్మ గురించి. నా చిన్నప్పుడే అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. నేను ఇంటర్‌లో ఉండగా తిరిగొచ్చింది. అంతకాలం అమ్మమ్మ పెంచింది నన్ను. వచ్చాక అమ్మ అక్కడి సంగతి ఒక్కటీ చెప్పలేదు, నేనూ అడగలేదు. కూరలో ఉప్పు గురించి, కరెంటు కోత గురించి మాత్రం ఇద్దరం చక్కగా మాట్లాడుకుంటాం. అడగలేనిదంతా బెంగుళూరులో నేర్చుకున్న కంటెంపరరీ డాన్సులో పెట్టాను. అక్కడా, హైదరాబాదులోనూ ఆడితే చూసినవాళ్ళు ఏడ్చారు. వాళ్ళ ఏడుపు నాకెందుకు? అమ్మ చూడాలి, చూసి ఒక్క మాట అనాలి. అమ్మేమో ఊరు దాటి రానంది. అందుకని జాతరలో ఆడటానికి ఒప్పుకున్నాను.

కమిటీ పెద్దాయన ముందే అడిగారు.

"రికార్డింగ్ డాన్సు కాదు కదమ్మా?"

"కాదండీ."

"కూచిపూడేనా?"

"అదీ కాదండీ. పాట ఉండదు. ఒంటితోనే కథ చెప్పడం."

"ఆయ్, అలాగేనమ్మా" అన్నారు. మా వైపు ఆయ్ అంటే సరేనన్నట్టే గాని, అర్థమైందని కాదు. సాయంత్రం అదే నోటితో మైకులో, "మన ఊరి ఆడపడుచు కూచిపూడి నాట్యం" అని ప్రకటించారు. అప్పుడే సగం చచ్చాను.

నాట్యం మొదట్లో ఒక పిల్ల నిద్రలేచి, కళ్ళు తెరవకుండానే పక్కన చాప మీద అమ్మ కోసం తడుముకుంటుంది. స్టేజీ మీద పడుకుని, అరచేత్తో నేలంతా తడుముతున్నాను. హైదరాబాదులో ఇక్కడికి వచ్చేసరికి సూది పడినా వినిపించేది. మా ఊళ్ళో ముందు వరసలోంచి ఒకావిడ, "పాపం, ఏదో పారేసుకుందండీ" అంది. "ముక్కుపుడకేమోనండీ" అంది పక్కావిడ. "సౌండు పోయినట్టుంది, చూడండ్రా బాబూ!" అని వెనక నుంచి ఎవరో కేకేశారు. ఒకాయన నిజంగానే వచ్చి, నా తలకాయ పక్కనున్న వైరు పీకి మళ్ళీ పెట్టాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే ఇదే. అమ్మ ఎక్కడుందా అని ఓరగా చూశాను. మూడో వరసలో, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నవ్వుతోందో ఏమో తెలియలేదు.

తర్వాత ఆ పిల్ల పెద్దదై ఫోను పట్టుకుంటుంది. మాట మధ్యలో తెగిపోతుంది. అప్పుడు పాదాల దగ్గర మొదలైన వణుకు మెల్లగా తలదాకా పాకాలి. ఆ వణుకు పట్టుబడడానికి నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. అది మొదలైందో లేదో, స్టేజీ పక్కన కూర్చున్న డప్పులవాళ్ళు దిగ్గున లేచారు. గరగలు, అంటే అమ్మవారి కుండలు, నెత్తికెత్తుకుని గుడి ముందు ఆడేవాళ్ళకి వాయించడానికి వచ్చినవాళ్ళు. జుట్టు విరబోసుకుని, పసుపురంగు చీరలో, అమ్మవారి గుడి ఎదుట ఆడపిల్ల ఊగిపోతుంటే వాళ్ళకి ఇంకేం తోస్తుంది? వాయించేశారు.

అంతే. జనమంతా చేతులెత్తి దణ్ణం పెట్టారు. ఆడవాళ్ళు వేపమండలతో స్టేజీ ఎక్కేశారు. ఒకావిడ నా కాళ్ళ మీద పసుపునీళ్ళు గుమ్మరించింది.

"తల్లీ, శాంతించమ్మా!"

"మా వాడికి వీసా ఎప్పుడొస్తుందమ్మా?"

"ఇది డాన్సండీ! పూనకం కాదు!" అని గొంతు చించుకుని అరిచాను.

"మొదట్లో అందరూ కాదనే అంటారండీ" అంది వేపమండ పట్టుకున్నావిడ, ఎన్నో చూసినదానిలా.

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళ నా విద్య మా ఊరికి పూనకం కింద కనపడింది. అంతకంటే, అమ్మ చూడాల్సిన సగం నాట్యం ఇంకా మిగిలే ఉంది. ఇక దాన్ని ఎవరు ఆడనిస్తారు? స్టేజీ మీదే కాళ్ళు చాపుకుని చతికిలబడ్డాను.

అప్పుడు అమ్మ స్టేజీ ఎక్కి వస్తూ కనిపించింది. హమ్మయ్య అనుకున్నాను. కన్నతల్లి చెబితేనైనా వింటారు, అందరినీ దింపేస్తుంది. అమ్మ ఎవరినీ దింపలేదు. ఒకావిడ చేతిలో చెంబు అందుకుని, నా ముందు కూర్చుని, పసుపునీళ్ళు నా పాదాల మీద పోయడం మొదలుపెట్టింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. నువ్వు కూడానా అందామని నోరు తెరిచేలోగా అమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"తల్లీ, నేను కువైట్ వెళ్ళేరోజు నా కూతురు నిద్రపోతోంది. లేపితే వెళ్ళలేనని లేపకుండా వెళ్ళిపోయేను. చెయ్యి నా కొంగు మీదుంటే తీసి చాప మీద పెట్టేను. అది నన్ను ఎప్పటికైనా మన్నిస్తుందా అమ్మా?"

డప్పుల మోతలో ఆ మాట నాకొక్కదానికే వినపడింది.

"అమ్మా, నాకేం పూనలేదే. నేనే" అన్నాను.

"తెలుసే" అంది అమ్మ, చెంబు వంచుతూనే. "నిన్నయితే అడగలేను కదే."