కొత్త ట్యాబ్ పైనే ఉంటాది

ఆ రోజుల్లో నాకు అరవై రెండేళ్ళు. డెబ్భై ఒకటి నిండిన ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే అదీ ఒక పడుచుతనంలాగే కనిపిస్తుంది. తెలియని విషయం ఏదైనా సరే, ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, వారం రోజుల గడువు ఇస్తే తేల్చిపారేస్తానన్న నమ్మకం ఉండేది. పడుచుతనం అంటే అదే కదా. ఓడరేవు దగ్గర ఒక షిప్పింగు ఏజెంటు ఆఫీసులో ముప్ఫై మూడేళ్ళు ఓడల రాకపోకల రిజిస్టరు రాసినదాన్ని. ఏ ఓడ ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకి రేవులో ఏ బెర్తుకి చేరింది, మళ్ళీ ఎప్పుడు కదిలింది, ఇదే నా పని. "సుమారుగా" అన్న మాటని ఆ రిజిస్టరులో ఒక్కసారి కూడా పడనివ్వలేదు. (ఒక్కసారి పడింది, తుఫాను రోజు. మర్నాడు దాన్ని కొట్టేసి సరైన టైము వేశాను.) పదవీ విరమణ రోజున ఆఫీసువాళ్ళు శాలువాతో పాటు నా చేతిలో ఒక చిన్న ట్యాబ్ పెట్టి, "ఇక మీదట దీంతో కాలక్షేపం చెయ్యండి మేడం" అన్నారు. కాలక్షేపం చేసిన అనుభవం నాకు లేదు. అందుకని దాన్ని కూడా ఉద్యోగంలాగే మొదలుపెట్టాను.

మొదటి వారంలోనే ఒక సంగతి నన్ను పట్టుకుంది. ఉదయం నూరు శాతం ఉన్న బ్యాటరీ, నేను ముట్టుకోకపోయినా, మధ్యాహ్నానికి అరవై కావడమేమిటి? ఒక పాత డైరీ తీసి గీతలు గీసి, గంటగంటకీ రాయడం మొదలుపెట్టాను. ఏడు గంటలకి నూరు, ఎనిమిదికి తొంభై మూడు, తొమ్మిదికి ఎనభై ఆరు. మా ఆయన (స్టీలు ప్లాంటులో క్రేను నడిపి రిటైరైన మనిషి, పైనుంచి కిందికి చూసి మాట్లాడ్డం ఆ ఉద్యోగంలో వచ్చిన అలవాటు) పేపరు దించి అడిగారు. "ఏటే, దానికి టెంపరేచరు సూస్తన్నావా? జొరం గాని తగిలిందా?" నేను తర్వాతి గంట అంకె రాసుకున్నాను. పది రోజుల లెక్క కూడేసరికి లోపం ఎక్కడుందో తేలింది. రోజుకి సగటున ముప్ఫై ఎనిమిది సార్లు నేను దాన్ని చూస్తున్నాను. వెలుతురు నిండుగా పెట్టి, కళ్ళజోడు వెతుక్కుని, అంకె చూసి, డైరీలో రాసి, మళ్ళీ సరిచూసుకునేదాకా అది వెలుగుతూనే ఉంటోంది. చార్జింగు ఎంత ఉందో చూడడానికే చార్జింగంతా ఖర్చవుతోందన్నమాట. ఈ సంగతి ఆయనకి చెబితే, "అయితే సూడ్డం మానీ" అన్నారు. ఆ మాటకి రెండు రోజులు అలిగాను. ఇన్నేళ్ళ తర్వాత ఒప్పుకుంటున్నాను, అంతకంటే మంచి సలహా ఆ తర్వాత ఎవరూ ఇవ్వలేదు.

సలహాలు మాత్రం చాలా పోగుచేశాను. పేపర్లో వచ్చిన ఒక కత్తిరింపు డైరీ అట్టలోపల అంటించుకుని అక్షరం పొల్లుపోకుండా అమలు చేశాను. బయటికి వెళ్ళనప్పుడు లొకేషను కట్టెయ్యాలి, కట్టేశాను. వాడనప్పుడు వైఫై ఆపాలి, ఆపాను. తెర పదిహేను సెకన్లకే ఆరిపోవాలి, సరే. ఇరవై కంటే తగ్గనివ్వకూడదు, ఎనభై దాటాక ప్లగ్గు తీసెయ్యాలి, దానికి వంటింటి అలారం పెట్టాను. వేడెక్కనివ్వకూడదు అన్నచోట మాత్రం దొరికిపోయాను. పోర్టు బొగ్గు మసి, సముద్రపు ఉప్పుగాలి తగలకుండా దాన్ని రెండు టర్కీ తువ్వాళ్ళలో చుట్టి మరీ చార్జింగు పెట్టేదాన్ని. విప్పితే అప్పుడే పొయ్యిమీంచి దించిన గిన్నెలా ఉండేది. తువ్వాళ్ళు తీసేశాను. ఇక వెలుతురు. "తగ్గించాలి" అని రాశారు గాని ఎంతవరకో రాయలేదు. అలా వదిలేసిన చోట నేను చివరిదాకా వెళతాను. తెరమీది వెలుతురు గీతని జరిపి జరిపి ఎడమ కొసకి చేర్చాను. పగలు ఏమైనా చదవాలంటే పమిటచెంగు నెత్తిమీంచి ట్యాబ్ మీదకి కప్పుకుని, ఆ నీడలో చూసేదాన్ని. "ఇంతకీ అది ఎలిగిందా, ఆరిందా?" అని మా ఆయన అడిగేవారు. బ్యాటరీ రెండున్నర రోజులు వస్తోంది, నాకంతే చాలు.

అన్నీ నేర్చుకున్నాననుకున్న నేను ఒక్కటి నేర్చుకోలేదు. ఇంటర్నెట్లో ఒకసారి తెరిచిన పేజీని మూసేదాన్ని కాదు. ఆఫీసులో తెరిచిన రిజిస్టరు ఏడాది చివరిదాకా తెరిచే ఉంటుంది. ఇక్కడ మూస్తే మళ్ళీ దొరకదేమోనని భయం. తెర మూల చిన్న చదరంలో ఒక అంకె ఉండేది, అది పన్నెండు, నలభై, తొంభై తొమ్మిది దాకా పెరిగి, ఒక రోజు అంకె మాయమై రెండు చుక్కలూ, వాటి పక్కనే ఇంగ్లీషు D అక్షరమూ వచ్చాయి. మా ఆయన తల పక్కకి వంచి చూసి, "నవ్వుతన్నాదే" అన్నారు. నా క్రమశిక్షణకి సంతోషించిందనుకున్నాను.

ఆ పేజీలన్నీ మా మేనకోడలి కోసం తెరిచినవి. సబ్బవరం అవతల మా పుట్టినూళ్ళో వ్యవసాయం చేసుకునే మా తమ్ముడి కూతురు. చిన్ని అంటాం. ఇంటర్ అయి మా ఇంటికి వచ్చి ఉంది, ఇంజనీరింగుకి ర్యాంకు వచ్చింది, ఏ కాలేజీలు కావాలో వరసగా ఇంటర్నెట్లో ఎంచుకుని పెట్టాలి. వెబ్ ఆప్షన్లు అంటారు. ఊళ్ళో, అంటే విశాఖలో, సీటు వస్తే మా సీతమ్మధార ఇంట్లో ఉండి చదువుకుంటుంది. లేదంటే దూరాన హాస్టలు, హాస్టలైతే పంపనని మా తమ్ముడు ముందే తేల్చేశాడు. పాపం ఆ పిల్ల మొదటిరోజే పెట్టేద్దామంది. "తొందరేటి, నాను సరిసూస్తాను" అన్నది నేనే. పదకొండు కాలేజీలు, ఒక్కోదానికి మా ఇంటినుంచి దూరం, బస్సు నంబరు, ఎన్ని మలుపులు, అన్నీ చూసి చిత్తు ప్రతి, శుద్ధ ప్రతి రాసేసరికి చివరి రోజు వచ్చింది. గురువారం, సాయంత్రం అయిదు గంటలకి గడువు. ఆ ఉదయమే వాళ్ళమ్మకి జ్వరమని చిన్ని ఊరికి వెళ్ళింది. అక్కడ నెట్ రాదు, వాళ్ళ నాన్న దగ్గరున్నది మీటల ఫోను. "నానున్నానుగా" అని ఆ పిల్లని బస్సెక్కించాను.

మధ్యాహ్నం రెండు యాభైకి పమిటచెంగు కప్పుకుని మొదలుపెట్టాను. తెరమీద చక్రం తిరుగుతోంది. మూడు పదికీ తిరుగుతూనే ఉంది. చిన్ని ఫోన్ చేసింది.

"అత్తా, పెట్టీసావా?"

"గిర్రున తిరగతంది. ఇరవై నిమిషాలయింది."

"నీకాడ ఎన్ని ట్యాబులున్నాయి?"

"ఎన్నేటి, ఒకటే. రెండేసి నాకెందుకే?"

"ఒకటే అయితే ఇంత స్లో ఎందుకవతంది?"

"నాకేటి తెలుసు. బ్యాటరీ డెబ్భై ఒకటుంది."

"బ్యాటరీ గొడవ కాదత్తా. ఆ ట్యాబ్ ఇరుక్కుపోనాది. దాన్ని మూసీసి కొత్త ట్యాబ్ తెరు. అందులో అయితే టక్కున వత్తాది."

"కొత్తదా? కొత్తది ఎక్కడుంటాదే?"

"పైనే ఉంటాది. ప్లస్ గుర్తు కనబడతంది సూడు. నొక్కితే సాలు. బేగి సెయ్యత్తా, అయిదుకి మూసెత్తారు." లైను తెగిపోయింది.

ఇప్పుడు నా వైపునుంచి ఆలోచించండి. మా ఇంటి పైవాటాలో పళ్ళ డాక్టరమ్మ ఆసుపత్రి ఉంది. తలుపు మీద ఎర్రటి ప్లస్ గుర్తు, దాని పక్కనే కాలింగ్ బెల్లు. కిందటి నెలే చిన్ని పన్నుకి అక్కడ సిమెంటు పెట్టించాం. పేర్లు రాసుకోడానికి అక్కడొక కొత్త ట్యాబ్ ఉండడం మేమిద్దరం చూశాం. పిల్ల ఎంత చురుకైనదో అని మురిసిపోయాను. చెప్పినట్టే నా ట్యాబ్ అట్ట మూసేసి, కాలేజీల జాబితాతో బయల్దేరాను.

"ఎక్కడికే?" అన్నారు మా ఆయన.

"పైకి. కొత్త ట్యాబ్ కి."

"అడిగితే ఇచ్చెత్తారేటి?"

"సిన్ని సెప్పింది" అన్నాను. ఆయన మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు.

బెల్లు నొక్కాను. పేర్లు రాసే ఆవిడ లోపలినుంచే, "తలుపు తీసే ఉందండి, బెల్లెందుకు" అంది. కొత్త ట్యాబ్ కావాలన్నాను.

"ఏ ట్యాబ్లెట్టండి? నొప్పికా, వాపుకా?"

"కొత్తది. పాతది పనిసెయ్యట్లేదు."

"ఏటయింది?"

"ఇరుక్కుపోయింది."

ఆవిడ కంగారుగా లేచి నిలబడింది. "గొంతులోనా?" అంటూ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. తాగాను (మెట్లెక్కి వచ్చానేమో, దాహంగానే ఉంది). అయిదుకి మూసేస్తారట, త్వరగా కావాలన్నాను. "మేం ఎనిమిది దాకా ఉంటామండి, భయపడకండి. మాత్రల సంగతి డాక్టరమ్మే సూడాల" అని నాలుగో నంబరు టోకెను చేతిలో పెట్టింది. నా ముందు ముగ్గురున్నారు. వరస దాటడం నా వల్ల కాదు. ముప్ఫై మూడేళ్ళు ఓడలని వరసలో రాసినదాన్ని, ఒక్కదాన్ని కూడా ముందుకి జరిపి ఎరగను. కూర్చున్నాను. గోడగడియారం మూడు ముప్పావు, నాలుగు, నాలుగుంపావు అయింది. మధ్యలో రెండుసార్లు ఫోను మోగింది, చిన్నే. ఆసుపత్రిలో మాట్లాడకూడదని బోర్డు ఉండడం వల్ల ఎత్తలేదు. మూడోసారి మోగి ఆగిపోయినప్పుడు మాత్రం నా టోకెను మళ్ళీ చూసుకున్నాను, నాలుగే. ట్యాబ్ అట్ట తీసి చూస్తే బ్యాటరీ అరవై ఎనిమిది. అన్ని నెలలు కూడబెట్టిన చార్జింగు నిక్షేపంలా ఉంది, లేనిది టైము.

నాలుగు ఇరవై నాలుగుకి లోపలికి పిలిచారు. కుర్చీలో ఒక లావుపాటి పెద్దమనిషి నోట్లో దూది పెట్టుకుని మత్తు ఎక్కడం కోసం ఎదురు చూస్తున్నాడు. డాక్టరమ్మ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, "చెప్పండమ్మా, ఎక్కడ?" అంది.

"పైన అంది."

"పై పన్నా?"

కాదని తల ఊపాను. పిల్ల చదువు, అయిదు గంటలు, కొత్త ట్యాబ్, అంతా కలిపి ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆమె నవ్వలేదు. నా చేతిలోంచి ట్యాబ్ తీసుకుని, "ఇది ఆన్ కాలేదే" అని, వేలితో వెలుతురు గీతని కుడివైపుకి జరిపింది. ఆ గదంతా వెలుతురు నిండినట్టయింది. బ్యాటరీ అనబోయి ఊరుకున్నాను. తెర పైన, సరిగ్గా పైన, ఒక చిన్న ప్లస్ గుర్తు కనిపించింది.

"ఇదిగోండమ్మా, ఇది నొక్కితే కొత్త ట్యాబ్. ఈ పేజీలని ట్యాబులంటారు. మీకు నూట పదహారున్నాయి."

అర్థమయిందన్నాను. ఏమర్థమయిందో చెప్పలేదు. "ఇవన్నీ మూసేస్తే పోతాయా?" అని మాత్రం అడిగాను. "ఎక్కడికీ పోవమ్మా, చూసినవన్నీ హిస్టరీలో ఉంటాయి" అంది. హిస్టరీ అంటే రిజిస్టరేనని నాకెవరైనా ముందే చెప్పి ఉంటే. అన్నీ ఒక్క దెబ్బకి మూసేసి, ఆమె ప్లస్ నొక్కింది. చక్రం తిరగలేదు. పేజీ టక్కున వచ్చింది.

నాలుగు ముప్ఫై మూడు. పాస్‌వర్డు నా జాబితా వెనక ఉంది, కొట్టాను. ఓటీపీ మా తమ్ముడి ఫోనుకి వెళ్ళింది. ఫోన్ చేశాను.

"అప్పా, ఏవో ఆరంకెలొచ్చినాయి" అన్నాడు (మా వైపు అక్కని అలాగే పిలుస్తారు).

"సదువురా."

"ఒకటో దాన్నుంచా?"

"మరెక్కడినుంచి సదువుతావు. కానీ."

చదివాడు. కాలేజీల కోడ్లు ఒక్కొక్కటీ కొట్టాను. ఏడోది కొట్టాక అలవాటుకొద్దీ మొదటినుంచి సరిచూడబోతే, కుర్చీలోని పెద్దమనిషి నోట్లో దూదితోనే "మ్మ్ మ్మ్" అంటూ గడియారం వైపు, తర్వాత తన పది వేళ్ళూ చూపించాడు. సరిచూడ్డం మానేశాను. నా జీవితంలో అదే మొదటిసారి. నాలుగు యాభై మూడుకి ఆఖరి బొత్తాం నొక్కాను. ఆప్షన్లు అందాయని తెరమీద పచ్చటి అక్షరాలొచ్చాయి. పెద్దమనిషి బొటనవేలు ఎత్తాడు. డాక్టరమ్మ, "సరేనమ్మా, ఇప్పుడు ఆయన పన్ను చూడనివ్వండి, మత్తు దిగిపోతుంది" అంది.

జాబితాలో రెండోదిగా రాసిన కాలేజీలో సీటొచ్చింది, ఊళ్ళోనే. చిన్ని నాలుగేళ్ళు మా ఇంట్లో ఉండి చదువుకుంది. ఇప్పుడు పరవాడ వైపు ఒక కంపెనీలో ఇంజనీరు. ఆ సాయంత్రం ఫోన్ చేసి ఏడుపు గొంతుతో, "అంత లేటెందుకయిందత్తా, పేణం పోయింది" అంటే, సర్వరు బిజీ అని చెప్పాను. తొమ్మిదేళ్ళుగా అదే మాట మీద ఉన్నాను. ఇది చదివితే నిజం తెలుస్తుంది. తెలియనీ.

ఇప్పుడు నా ఫోనులో మూడు పేజీలకి మించి తెరిచి ఉండవు, వెలుతురు కళ్ళకి సరిపడా ఉంటుంది, చార్జింగు ఎనభై దాటినా నిద్ర పాడుచేసుకోను. ఎవరేం చెప్పినా, నువ్వనేది దీని సంగతేనా అని ఒకటికి రెండుసార్లు అడిగి, నిదానంగా, కూర్చున్నచోటే అన్నీ చక్కబెడతాను. అయినా అప్పుడప్పుడు ఆ అరవై రెండేళ్ళ మనిషి గుర్తొస్తుంది. మూసిన ట్యాబ్ ని గుండెకి హత్తుకుని, ఎవరూ వెళ్ళమనని చోటికి, రవ్వంత అనుమానం లేకుండా మెట్లెక్కి పోతోంది. ఆగమని చెప్పాలనిపించదు. ఇప్పటి నిదానం ఆ రోజే ఉండి ఉంటే, ఆ చక్రం ఎదురుగా పమిటచెంగు కప్పుకుని అయిదు గంటలదాకా కూర్చునేదాన్నేమో.