ప్రివ్యూ గుమ్మం దగ్గర నేర్చుకున్న మాట

మా చిన్నప్పుడు... నాకు ఎక్కాలకంటే ముందు నాన్న ఒక మాట నేర్పాడు. "చాలా బాగుంది అంకుల్."

మేమప్పుడు ఫిల్మ్ నగర్‌లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న కో-డైరెక్టర్. అంటే డైరెక్టర్ పక్కనే ఉండి, సీను కాగితాల దగ్గర్నుంచి హీరోయిన్ గాజుల రంగు దాకా అన్నీ చూసుకునే మనిషి. పేరు మాత్రం తెర మీద నలుగురి మధ్య వచ్చి, చదివేలోపే వెళ్లిపోయేది...

ఏ సినిమా పూర్తయినా విడుదలకు ముందు ప్రివ్యూ వేసేవారు. మా పక్క వీధిలోనే అందుకోసం ఒక చిన్న థియేటరు ఉండేది. సినిమా అయ్యాక దాన్ని తీసిన డైరెక్టర్ గుమ్మం దగ్గర నిలబడతాడు. చూసినవాళ్లంతా పెళ్లిలో అక్షింతలు వేయడానికి వెళ్లినట్టు వరసగా వెళ్లి, చెయ్యి కలిపి, ఒక మంచి మాట చెప్పి బయటపడాలి.

ఆ మాటకూ ఒక పద్ధతి ఉంది. "ఫొటోగ్రఫీ బాగుంది" అనకూడదు, మిగతాది బాగాలేదని అర్థం. "మీ కష్టం కనబడుతోంది" అంటే ఇంకా అన్యాయం. ఒక్క క్షణం ఆగి ఆలోచించినా ఎదుటివాళ్ల మొహం మాడిపోతుంది. అందుకే నాన్న ఇంటి దగ్గరే నాతో ప్రాక్టీసు చేయించేవాడు... నవ్వాలి, ఆగకూడదు, చెప్పేయాలి. నేను బాగా చెప్పేదాన్ని. బుగ్గ గిల్లి చాక్లెట్లు కూడా ఇచ్చేవారు.

నేను మూడో తరగతిలో ఉండగా నాన్నకు సొంతంగా ఒక సినిమా వచ్చింది. పద్దెనిమిదేళ్లు ఎదురుచూశాక.

ఆ ప్రివ్యూ రోజు నాన్న, అమ్మ పొద్దున్నే దండెం మీంచి తీసి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. సినిమా అయింది. ఈసారి గుమ్మం దగ్గర నిలబడింది నాన్న. అందరూ వరసగా వచ్చారు... "ఇరగదీశావయ్యా" అన్నారు. "వంద రోజులు, రాసిపెట్టుకో" అన్నారు. ఒకాయన ఏకంగా కౌగిలించుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నేళ్లూ ఆ వరసలో నడిచి, అవే మాటలు చెప్పి వచ్చిన మనిషి నాన్న. అయినా నమ్మాడు. గుమ్మం దగ్గర నిలబడేసరికి అంతా మరిచిపోయాడు.

అందరూ వెళ్లాక, ప్రొజెక్టర్ నడిపే యాదగిరి అంకుల్ బూత్ మెట్లు దిగి వచ్చాడు. ఆయన ఎవరినీ పొగిడేవాడు కాదు. ఆయన్ని ఎవరూ ఎలా ఉందని అడిగేవారూ కాదు.

"సార్, ఏమనుకోవద్దు. ఇంటర్వెల్ అయినంక జర లాగుతున్నది. గా పెళ్లి సీన్లు, ఒక పాట తీసేయుండ్రి. మంచిగ ఆడ్తది."

నాన్న మొహంలో నవ్వు అలాగే ఉంది కానీ, ఆలోచనలో పడ్డాడు. ప్రింట్లు వేయించడానికి ఇంకా రెండు రోజులు టైముంది. కోయాలంటే కోయొచ్చు.

స్కూటర్ మీద ఇంటికొస్తూ, ముందు నిలబడిన నన్ను అడిగాడు. "నిజం చెప్పమ్మా. నీకెక్కడైనా విసుగొచ్చిందా?"

నేను నవ్వాను. ఆగలేదు. "చాలా బాగుంది నాన్నా" అన్నాను.

నిజానికి ఇంటర్వెల్ తర్వాత నేను నిద్రపోయాను. పెళ్లి సీన్లు మొదలవడం వరకే గుర్తు... లేచేసరికి లైట్లు వేసేశారు. ఆ సంగతి చెప్పాలని నాకు తట్టనే లేదు. అబద్ధం ఆడుతున్నానని కూడా అనుకోలేదు. సినిమా అయ్యాక ఎవరైనా అడిగితే చెప్పాల్సిన మాట అదే కదా.

"నువ్వన్నావు, ఇంక చాలు" అన్నాడు నాన్న. పాటా తీసేయలేదు, పెళ్లీ తీసేయలేదు.

సినిమా వారం కూడా ఆడలేదు. జనం పెళ్లి సీన్లలోనే లేచి వెళ్లిపోతున్నారని అమ్మతో ఎవరో మెల్లగా చెబుతుంటే విన్నాను. ఇరగదీశావన్నవాళ్ల ఫోన్లు ఆగిపోయాయి. నాన్న తెల్ల చొక్కా బీరువాలోకి వెళ్లింది.

తర్వాత ఒకరోజు ఏదో పని ఉండి నాన్న ఆ థియేటరుకు వెళ్తూ నన్నూ తీసుకెళ్లాడు. యాదగిరి అంకుల్ నన్ను చూశాడు. మనసులో దాచుకోవడం తెలియని మనిషి... అనేశాడు.

"నేను చెప్తే ఇనకపోతిరి సార్. ఆనాడు పాప గూడ ముందు కుర్చీల పండుకున్నది. బూత్‌ల నుంచి చూసిన."

నాన్న నా వైపు చూడలేదు. నా తల మీద చెయ్యి వేసి, "స్కూల్‌కెళ్లి వచ్చిందిగా యాదగిరీ... అలిసిపోయుంటుంది" అన్నాడు.

అంతే. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఏ సినిమా ఎలా ఉందని నన్ను అడగనూ లేదు. తిరిగి కో-డైరెక్టర్‌గానే చేరాడు, మొన్నమొన్నటి దాకా అదే పని చేశాడు. ఇంకో సినిమా రాలేదు.

నాకు అప్పుడు ఏడుపు రాలేదు. ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ పెద్దగా ఏమీ అనిపించదు... అదే చిత్రం.

ఇప్పుడు జూబ్లీ హిల్స్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. మీటింగ్ అవగానే "సూపర్బ్", "ఆసమ్" అంటూ వరసగా మెసేజ్‌లు వచ్చిపడతాయి. నేనూ పెడతాను. చల్లారిన ఇడ్లీ తిన్నట్టు ఉంటుంది, ఏ రుచీ తెలియదు. ఎవరైనా మనస్ఫూర్తిగా మెచ్చుకున్నా నాకు తేడా తెలియదు. ఆ తేడా తెలిసే చోటు ఎక్కడో మొద్దుబారిపోయింది.

ఆ థియేటరు ఇప్పుడు లేదు. అక్కడో కాఫీ షాపు పెట్టారు. తాగి బయటకొస్తుంటే గుమ్మం దగ్గర ఒకమ్మాయి ఫోన్ చూపించి స్టార్లు ఇమ్మంటుంది. ఆగకుండా నవ్వి, ఐదూ నొక్కి వచ్చేస్తాను.

మీకూ అలా అలవాటుగా నోటినుంచి జారి, తర్వాత వెనక్కి తీసుకోలేకపోయిన మాట ఒకటి ఉంటే కింద రాయండి... పోస్ట్ బాగుందని మాత్రం రాయకండి.

అది నాన్న ఎలాగూ రాస్తాడు. నేనేం పెట్టినా అందరికంటే ముందు, చదవడానికి పట్టేంత టైమైనా కాకముందే, "చాలా బాగుంది తల్లీ" అని కామెంట్ పెట్టేస్తాడు.

నాన్నా... ఈ ఒక్కసారి చివరిదాకా చదువు. ఎక్కడ విసుగొచ్చిందో చెప్పు.