నాన్న చొక్కా

డిగ్రీ పిల్లలకి పాత ఇంగ్లీషు నాటకం చెబుతున్నాను. నాయిక మగవేషంలో ఉంటుంది. ప్రేమించినవాడే ఎదురుపడి మాట్లాడినా గుర్తుపట్టడు.

"చొక్కా తొడిగితే గుర్తుపట్టడా మేడమ్? మా అమ్మ మా నాన్న చొక్కా వేసుకునే మిరపకోతకి వెళ్ళిద్ది. మేం గుర్తుపట్టట్లేదా?" అన్నాడొకడు. క్లాసంతా గొల్లుమంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. సోమవారం పరీక్షలో ఇదే అడుగుతానని బెదిరించాను.

నిజానికి ఆ వేషం నేనూ వేశాను. ఇంటర్‌లో ఉండగా జ్వరమని లెటర్ రాసిచ్చి, అమ్మతో కోతకి వెళ్ళేదాన్ని. లంగా మీద నాన్న ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, ముఖానికి తువ్వాలు, బయటికి కళ్ళు మాత్రమే. ఇంగ్లీషులో క్లాసు ఫస్టు నేను. కూలికి వెళ్తున్నానని తెలిస్తే ఇక తలెత్తుకోలేనని భయం.

ఓ మధ్యాహ్నం మా ఇంగ్లీషు మాస్టారు గట్టు మీద సైకిలాపి మంచినీళ్ళడిగారు. బిందె దగ్గర ఉన్నది నేనే. చెంబుతో దోసిట్లో పోశాను. క్లాసులో మమ్మల్ని "ఏమే" అని గద్దించే మనిషి, "చల్లగా ఉన్నాయండీ" అని తలొంచుకుని వెళ్ళిపోయారు. బతికిపోయాననుకున్నాను. మర్నాడు క్లాసులో, "పరీక్ష కోతలయ్యాక పెడతాను, నాకిప్పుడు తీరిక లేదు" అన్నారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ వేళ్ళకి మిరప మంట తగిలినట్టే ఉంటుంది.

క్లాసులో నవ్వులు ఆగాక వెనక బెంచీ అమ్మాయి లేచింది. వారం తర్వాత ఆ రోజే కాలేజీకి వచ్చింది. జ్వరమని తను రాసిన లెటర్ నా బల్ల మీదే ఉంది. వేళ్ళు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"గుర్తుపట్టే ఉంటాడు మేడమ్. పట్టానని చెబితే ఆమె చిన్నబోయిద్దని ఊరుకున్నాడేమో."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ముప్పై ఏళ్ళుగా మాస్టారు నన్ను గుర్తుపట్టలేదనే అనుకుంటున్నాను. ఆయన పోయి చాలాకాలమైంది. పిల్లల ముందే నాకు ఏడుపొచ్చింది.

"సోమవారం పరీక్ష ఉన్నట్టేనా మేడమ్?" అన్నాడు ముందు బెంచీవాడు.

నేను వెనక బెంచీ వైపు చూడలేదు.

"కోతలయ్యాక పెడతాను. నాకిప్పుడు తీరిక లేదు."