ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే పోనీ

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చిరాకు. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ భోజనాలు అయ్యాక ఎవరో ఒకరు గొంతు తగ్గించి "మా ఊళ్లో ఒకసారి ఏమైందంటే..." అని మొదలుపెడతారు. నేను లేచి గిన్నెలు కడగడానికి వెళ్లిపోయేదాన్ని. ముప్ఫై ఏళ్లు ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేశాను. కంటికి కనపడనివి ఉంటాయని నాకు తెలుసు. కానీ ఉన్నవి ఏదో ఒక రోజు మైక్రోస్కోప్ స్లైడ్ మీదికి వచ్చి తీరాలి. రాలేదంటే లేనట్టే. నా నమ్మకం అంతవరకే.

అలాంటి నేను ఇది రాస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, ఎక్కడా మసాలా వెయ్యను.

మేం ఉండేది ఎడ్మంటన్‌లో. మా వారు సుధాకర్ పైప్‌లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఎక్కడ చిన్న తుప్పు మరక ఉన్నా ఆయన కళ్లు దాటిపోయేది కాదు. రిటైరైన ఏడాదే సెకండ్ హ్యాండ్‌లో ఒక మోటార్‌హోమ్ కొన్నారు. ఇరవై నాలుగు అడుగుల బండి, అందులోనే మంచం, స్టవ్, చిన్న బాత్రూమ్. జనవరిలో ఇక్కడ మైనస్ ముప్ఫై పడగానే మేం అరిజోనా ఎడారికి బయల్దేరేవాళ్లం. ఇక్కడి ముసలివాళ్లు చాలామంది చేసే పనే అది. తెలుగువాళ్లలో మాత్రం మేమే. "హాయిగా ఇంట్లో హీటర్ పెట్టుకుని కూర్చోక ఈ వయసులో లారీ నడుపుకుంటూ తిరగడం ఏంటి వదినా?" అని నన్ను దెప్పనివాళ్లు లేరు.

లారీ అన్న మాట మా వారికి తిట్టు కాదు. చిన్నప్పుడు ఆయన వేసవి సెలవులన్నీ విజయవాడలో మేనమామగారి లారీ క్యాబిన్‌లోనే గడిచాయి. అందుకే బండి వెనక్కి తీసేటప్పుడు మా పద్ధతి వేరుగా ఉండేది. క్యాంపుల్లో మిగతా జంటలు వాకీటాకీల్లో మాట్లాడుకుంటారు, చేతులు ఊపుకుంటారు, చివరికి పోట్లాడుకుంటారు. నేను మాత్రం వెనక నిలబడి అరచేత్తో బండి బాడీ మీద కొడతాను. రెండు కొడితే పోనీ, ఒకటి కొడితే ఆపు. మన లారీల పద్ధతే. నా చేతికి రెండు బంగారు గాజులు ఉంటాయి. కొట్టినప్పుడు ధడ్‌మన్న చప్పుడుతో పాటు అవి కూడా గలగలమంటాయి. "నీ దెబ్బ వెయ్యి దెబ్బల్లో గుర్తుపడతానే విమలా, డోలూ తాళం రెండూ నువ్వే వాయిస్తావ్" అనేవారు.

ఇంకో నియమం కూడా ఆయనే పెట్టారు. బండి ముందుకి వెళ్లేదైనా సరే, కదిలే ముందు నేను ఒకసారి చుట్టూ తిరిగి చూసి రావాలి. తాడో, మెట్టో, నీళ్ల పైపో ఏదైనా మర్చిపోయామేమో అని. ఆరు చలికాలాల్లో ఒక్కసారి కూడా నేను దాన్ని తప్పలేదు.

పోయిన చలికాలం వెళ్లింది ఏడోసారి. అది ఆఖరిసారి అని ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ పైకి అనలేదు.

అప్పటికి దాదాపు ఏడాదిగా ఆయన మర్చిపోతున్నారు. మొదట్లో పేర్లు. తర్వాత అడిగిందే అడగడం. ఒకరోజు పాలు తేవడానికి వెళ్లి షాపు పార్కింగ్‌లో గంటసేపు కూర్చుని, ఎందుకొచ్చారో తెలియక తిరిగి వచ్చేశారు. డాక్టర్ మెమరీ టెస్ట్‌కి డేట్ ఇచ్చారు, మార్చిలో. అందులో తేడా వస్తే లైసెన్స్ పోతుందని ఆ డాక్టరే చెప్పారు. "మార్చి లోపల ఒక్కసారి ఎడారి చూసొద్దాం" అన్నారు ఈయన. నేను కాదనలేకపోయాను. హైవే మీద ఆయన నడపడం ఎప్పట్లాగే బాగుంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మార్కమ్‌లో ఉన్న మా అమ్మాయి స్వాతికి డేట్ సంగతీ చెప్పలేదు, పాల సంగతీ చెప్పలేదు. ల్యాబ్‌లో రిపోర్టు దాచిపెడితే ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో అదే పని చేసి దానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాను.

దారిలో ఇబ్బందేమీ రాలేదు. బోర్డర్‌లో ఆఫీసర్ మా నిమ్మకాయలు తీసేసుకుని, గోంగూర పచ్చడి సీసా మాత్రం మూత తీసి వాసన చూసి భయంగా తిరిగి ఇచ్చేశాడు. యూటా దాటాక వెచ్చబడింది, ట్యాంకులో నీళ్లు నింపుకున్నాం. అరిజోనాలో మేం ఎప్పుడూ ఆగే చోటు ఊరికి దూరంగా, ప్రభుత్వ భూమిలో ఉంటుంది. కరెంటు లేదు, పంపు లేదు. గులకరాళ్ల నేల, మనిషంత ఎత్తు పొదలు, అక్కడక్కడా చేతులెత్తి నిలబడ్డ కాక్టస్‌లు. వారానికోసారి ఊళ్లోకి వెళ్లి నీళ్లు నింపుకుని రావాలి.

మా వెనక, ముప్ఫై అడుగుల దూరంలో డోరీన్ అనే ఆవిడ చిన్న వ్యాన్‌లో ఉండేది. రెజైనా నుంచి ఒంటరిగా వచ్చింది. ఎనభై దాటాయి. భర్త పోయాక కూడా ఆయనతో తిరిగిన చోట్లకే తిరుగుతూ ఉందట. వినికిడి తక్కువ. గాలి వీస్తే చెవిలో మిషన్ గీపెడుతుందని తీసి జేబులో వేసుకునేది. మా వారికి ఆవిడంటే ఇష్టం. రోజూ మొదటిసారి చూసినట్టే పేరు చెప్పి పరిచయం చేసుకునేవారు. ఆవిడ కూడా రోజూ చెయ్యి కలిపి తన పేరు చెప్పేది. ఒక్కసారి కూడా నవ్వలేదు, సరిదిద్దలేదు.

ఆ రోజు మధ్యాహ్నం భోజనం అయ్యింది. నీళ్ల కోసం ఊళ్లోకి బయల్దేరాలి. గిన్నెలు కడుగుతూ గాజులు తీసి, ముందు సీట్ల మధ్య ఉన్న ట్రేలో పెట్టాను. అప్పుడు స్టవ్ వైపు చూస్తే మంట లేదు, గ్యాస్ మాత్రం వస్తోంది.

"ఏమండీ, గ్యాస్ కట్టలేదు మీరు!"

"కట్టాను. నాకు బాగా గుర్తుంది."

"గుర్తుండటం సంగతి మీరు మాట్లాడకండి" అన్నాను.

ఆ మాట అనాల్సింది కాదు. ఆయన ముఖం పాలిపోయింది. "అయితే మార్చి దాకా ఎందుకు, ఇప్పుడే తీసుకో నా లైసెన్స్" అని పర్సు తీసి నా ముందు పడేశారు. నేను గ్యాస్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, వాసన పోయేదాకా ఆగి, మళ్లీ మూశాను. ఇద్దరం వచ్చి సీట్లలో కూర్చున్నాం. బండి ముందు అంతా ఖాళీ. నేరుగా ముందుకి పోవడమే. కోపంతో నేను కిందికి దిగలేదు. చుట్టూ తిరిగి చూడలేదు. బెల్టు పెట్టుకుని కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాను.

ఆయన ఇంజిన్ స్టార్ట్ చేశారు. గేర్ వేశారు. బండి కదిలింది.

ధడ్.

ఒక్క దెబ్బ, వెనక ఎడమ మూల నుంచి, అరచేత్తో కొట్టినట్టు. దాంతోపాటు గాజుల గలగల.

ఆయన బ్రేక్ మీద నిలబడ్డారు. బండి ఊగి ఆగింది. అప్పుడు చూశాను, గేర్ రివర్స్‌లో ఉంది. ముందుకి వెళ్లాల్సిన బండి వెనక్కి వెళ్తోంది. వెనక కెమెరా ఉంది గానీ, దాని అద్దం నిండా దుమ్ము పట్టి ఆ స్క్రీన్‌లో నాలుగు రోజులుగా గోధుమ రంగు తప్ప ఏమీ కనపడటం లేదు.

"ఏమైంది, ఎందుకు ఆపమన్నావ్?" అంటూ ఆయన ఎడమ వైపు అద్దంలోకి చూస్తూనే అడిగారు. తర్వాత తల తిప్పి పక్క సీట్లో ఉన్న నన్ను చూశారు. ఆ చూపు నేను బతికున్నంతకాలం మర్చిపోలేను. "నువ్వు... ఇప్పుడు వెనకున్నావ్ కదా. అద్దంలో చూశాను. చెయ్యి ఎత్తి కొట్టావ్."

నేను దిగి వెనక్కి పరిగెత్తాను. చూడగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మా బంపర్‌కి జానెడు దూరంలో, మాకు వీపు పెట్టి మడతకుర్చీలో కూర్చుని ఉంది డోరీన్. ఆ రోజు ఉత్తరపు గాలి ఈడ్చి కొడుతోంది. మా బండి వెనక గాలి మరుగూ ఉంది, ఎండా ఉంది. అందుకని కుర్చీ తెచ్చుకుని అక్కడ వేసుకుంది. చెవి మిషన్ జేబులో ఉంది. ఒళ్లో పదాల పజిల్ పుస్తకం, చేతిలో పెన్సిల్, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది. నా నీడ పడితే తల ఎత్తి నవ్వింది. ఇంజిన్ ఆన్‌లో ఉందని కూడా ఆవిడకి తెలియదు.

ఆవిడ కొట్టలేదు. వెనక్కి చూడనే లేదు. చుట్టూ కనుచూపు మేరలో వేరే మనిషి లేడు.

ఆ సాయంత్రం నేను నా ల్యాబ్ బుద్ధి అంతా ఉపయోగించాను. లోపల ఏదైనా పడిందేమోనని అలమారాలన్నీ తెరిచి చూశాను. అన్నిటికీ గొళ్లెం వేసే ఉంది. ఎండకి రేకు వ్యాకోచించి టక్‌మనడం నాకు తెలుసు, అది వేరే చప్పుడు. గాజులంటారా, ట్రేలో ఉన్నాయి. బ్రేక్ కుదుపుకి అవే గలగలమన్నాయేమో అనుకున్నాను. కానీ నాకు వినపడింది బ్రేక్‌కి ముందు, దెబ్బతో కలిసి, వెనక నుంచి. ముందా తర్వాతా అని ఇప్పటికి వందసార్లు ఆలోచించి ఉంటాను. ప్రతిసారీ ముందే.

చివరికి బండి వెనక భాగం చూశాను. వారం రోజుల మట్టిరోడ్డు దుమ్ము మందంగా పేరుకుని ఉంది, వేలితో పేరు రాయొచ్చు. ఎడమ మూల అంతా అంగుళం అంగుళం వెతికాను. అరచెయ్యి ముద్ర లేదు, వేలి గీత కూడా లేదు. అంటే నా లెక్క ప్రకారం అక్కడ ఎవరూ కొట్టలేదు.

ఆయన చూశానన్నది ఆయన జబ్బు ఖాతాలో వెయ్యొచ్చు. అలా వేస్తే నాకూ సుఖమే. కానీ చప్పుడు నేనూ విన్నాను. నాకు ఏ జబ్బూ లేదు.

మర్నాడు డోరీన్‌తో జరిగిందంతా చెప్పాను, చప్పుడు సంగతి తప్ప. చెప్పకుండా ఉండటం ఇక నా వల్ల కాలేదు. ఆవిడ మా బంపర్ వైపు చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఇంటికి నువ్వు నడుపు" అంది. అంతే. స్వాతికి ఫోన్ చేశాను. "వై డిడ్‌న్ట్ యూ టెల్ మీ, అమ్మా?" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ పెద్ద బండి స్టీరింగ్ నేను అంతకుముందు ఎప్పుడూ ముట్టుకోలేదు. అరిజోనా నుంచి ఎడ్మంటన్ దాకా ఎనిమిది రోజులు నేనే నడిపాను. ఆయన పక్కన కూర్చుని ఒక్క మాట విసుక్కోలేదు. పెట్రోల్ బంకుల్లో దిగి, వెనక్కి వెళ్లి, నా కోసం రెండు కొట్టేవారు.

మార్చి టెస్ట్ ఫలితం మేం అనుకున్నదే. లైసెన్స్ ఆయనే తీసి ఇచ్చేశారు.

మంచు కరిగాక మోటార్‌హోమ్ అమ్మేశాం. కొన్న దంపతులు వచ్చిన రోజు, ఆయన డ్రైవ్‌వేలో బండి వెనక నిలబడి వాళ్ల కోసం రెండు దెబ్బలు కొట్టారు. పాపం వాళ్లు కంగారుపడి ఆపేశారు. బండి వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. మెట్ల మీద కూర్చున్నాక నేను ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్న ప్రశ్న అడిగాను.

"ఎడారిలో ఆ రోజు, అద్దంలో నిజంగా నన్నే చూశారా?"

ఏ ఎడారి అన్నారు. డోరీన్ ఎవరన్నారు. అప్పటికే అదంతా ఆయనలోంచి తుడిచిపెట్టుకు పోయింది. ఆ చప్పుడు విన్న ఇద్దరిలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. వివరంగా చెప్పాను, రివర్స్ గేర్ గురించి, కుర్చీ గురించి, నేను పక్క సీట్లో ఉండటం గురించి. చిన్నపిల్లలు కథ విన్నట్టు విన్నారు. చివర్లో, తెలియనిదాన్ని చూసినట్టు నా వైపు జాలిగా చూసి నవ్వారు.

"నువ్వు వెనకాల నిలబడకుండా నేనెప్పుడైనా రివర్స్ చేశానటే?"

ఆ రోజు నేను ముందు సీట్లో, బెల్టు పెట్టుకుని, ముఖం తిప్పుకుని కూర్చుని ఉన్నాను. అది నాకు బాగా గుర్తుంది.