మైకు ఆపిన మనిషి

మొన్న గురువారం పొద్దున నరసన్నపేటలో మా పక్కింటి మావ పోయాడు. మొదట రిక్షాలో, తర్వాత ఆటోలో మైకు పెట్టుకుని కొత్త సినిమాలూ, బట్టల కొట్లూ, పురుగుమందులూ ఊరూరా చాటిన మనిషి. వయసైంది, పోయాడు అంటున్నారు. నాకు మాత్రం ఏడుపు కంటే కోపమే ముందొస్తోంది.

ఆయనకు ఇంట్లో ఒక మాట, మైకులో ఒక మాట లేదు. రాజాంలో ఒక కొట్టు యజమాని కాగితం రాసిచ్చి ఇలాగే చదవమంటే, "బాబూ, సదివితే ఇంతారు గానీ కొనరు. సెప్తే కొంతారు" అని దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్నే ఉప్పునీళ్లు పుక్కిలించి, బుగ్గన అల్లం ముక్క పెట్టుకుని బయల్దేరేవాడు. దారిలో ఎవరి వాకిట్లోనైనా శవం కనబడితే మైకు కట్టేసేవాడు. ఆ వీధి దాటాకే మళ్లీ అందుకునేవాడు.

"సచ్చినోలింటి కాడ సరుకు అమ్మకూడదురా" అనేవాడు.

పాతకాలం ప్రకటనల ఆఫీసు ఉద్యోగుల మీద టీవీలో ఒక సిరీస్ వస్తోంది కదా. రెండో సీజన్‌కి దాన్ని తీసేవాళ్లు ఇలాంటి మనుషుల్ని వెతుకుతున్నారంటే, మావ దగ్గరికి తీసుకొచ్చింది నేనే. రెండు రోజులు కూర్చోబెట్టి అన్నీ అడిగారు. ఆయన అటక మీది పాత మైకు దించి, తుడిచి చూపించాడు. శవం దగ్గర ఆపే సంగతీ చెప్పాడు, గర్వంగానే.

ఆ సీజన్ మొదటి ఎపిసోడ్ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని మా టీవీ ముందు కూర్చున్నాడు. వీధిలో సగం మంది వచ్చారు. ఆఫీసులో కోట్లు వేసుకున్న వాళ్లంతా పుస్తకాల తెలుగు మాట్లాడారు. మన మాట ఒక్కడి నోట వచ్చింది. తాగి తూలుతున్న మైకువాడు. వాడు పాడె పక్కనే రిక్షా ఆపి సబ్బులు అమ్ముతాడు. పాడె మోస్తున్నవాళ్లు నవ్వుతారు. మా ఇంట్లోనూ ఇద్దరు నవ్వారు.

మావ నవ్వలేదు. "ఒరే, నాను ఆపేసేవోడ్నని సెప్పినాను కదా. ఆలకి ఇనబడనేదేటి?"

వినబడింది. వినే తీశారు. ఆ మాట చెప్పలేక, "అది కథ మావా" అన్నాను. అలా అన్నందుకు నా మీద నాకే అసహ్యం.

"సూసినోలు నానే అనుకుంతారు గదా" అన్నాడు. ఆ తర్వాత బజారుకు వెళ్లడం మానేశాడు.

ఆ సీను రాసినవాడా, మా యాసకు నవ్వుకుంటే నవ్వుకో, మాకు అలవాటే. ఒక మనిషి బతుకంతా కాపాడుకున్న మర్యాదను తిరగేసి చూపించే హక్కు నీకెవరిచ్చారు?

గురువారం మావను వాకిట్లో పడుకోబెట్టాం. మధ్యాహ్నం చీరల తగ్గింపు ధరల ఆటో ఒకటి రికార్డు మోగించుకుంటూ వీధిలోకి తిరిగింది. డ్రైవరు మీద పడదామనే లేచాను. అతను వాకిలి వైపు చూశాడు. చెయ్యి చాచి మీట నొక్కాడు. ఎవరు పోయారో అతనికి తెలియదు. ఆటో మా ముందు నుంచి మైకు చప్పుడు లేకుండా మెల్లగా వెళ్లింది. వెనక సీటు మీద కరపత్రాల కట్ట రెపరెపలాడుతోంది. బజారు మలుపు తిరిగాక, దూరంగా, రికార్డు మళ్లీ మొదలైంది.