గొళ్ళెం పెదనాన్న

మా పెదనాన్నని వీధిలో అందరూ గొళ్ళెం అంటారు. బ్యాటరీల కంపెనీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఆయనది. ఒకసారి పడితే ఊడదని మెచ్చుకోలుగా పెట్టిన పేరు అది. ఇప్పుడు అదే పేరు పలకాల్సి వస్తే జనం నేలచూపులు చూస్తున్నారు.

కంపెనీ వేరే దేశం వాళ్ళది. ఊరి చివర మూతబడ్డ నూలుమిల్లు కొని ఫ్యాక్టరీ పెట్టారు. వాళ్ళకి మా నేల కొత్త, మా భాష కొత్త, మేమంటే భయం మాత్రం పాతదే. అందుకని యంత్రాల కంటే ముందు ఒక అధికారిని దించారు. పరాయి దేశంలో వ్యాపారం పెడితే ఏ మూల నుంచి ముప్పు వస్తుందో పసిగట్టి, రాకముందే అడ్డుకట్ట వేయడం ఆయన పని. మేం జాగ్రత్తల సారు అనుకునేవాళ్ళం. మా భాష శ్రద్ధగా నేర్చుకున్నాడు, కనపడ్డవాళ్ళందరినీ పలకరించేవాడు. మంచివాడు కావడమే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాళ్ళం.

కొత్త చోట ముప్పనేది తెలిసిన మొహం వేసుకునే వస్తుందని ఆయన సిద్ధాంతం. గుంపు ఎప్పుడూ మనవాళ్ళనే ముందు నిలబెట్టి తలుపు తీయిస్తుందట. కాబట్టి గోల మొదలైందంటే కన్నతల్లి వచ్చి పిలిచినా గేటు తీయకూడదు. ఈ మాట కాపలావాళ్ళ బుర్రకెక్కడానికి అప్పుడప్పుడు డ్రిల్లు పెట్టేవాడు. ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్ళని బయట నిలబెట్టి, అల్లరిమూకలా అరవమనేవాడు.

మా పెద్దమ్మ ప్యాకింగ్‌లోనే పనిచేసేది. అరవడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. "ఏవండీ, తలుపు తియ్యండీ, చంపేస్తున్నారండీ" అని గేటు బాదుతుంటే చూసేవాళ్ళకి కడుపుబ్బ నవ్వు. పెదనాన్న మాత్రం గేటు తెరిచే మీట దగ్గర రాయిలా నిలబడేవాడు. తర్వాత అందరికీ టీ, బిస్కెట్లు. ఇన్నేళ్ళ కాపురంలో నా మాట ఏనాడు విన్నారు గనక, అక్కడైతే విననందుకు జీతం కూడా ఇస్తున్నారని ఇంటికొచ్చి దెప్పిపొడిచేది. ఆయన ముసిముసిగా నవ్వేవాడు.

అసలు ముప్పు గేటులోంచి రాలేదు, వెనక కాలువలోంచి వచ్చింది. కంపెనీ వదిలే నీళ్ళు పక్క బస్తీ బోర్లలోకి దిగాయి. తాగే నీళ్ళు పుల్లగా మారాయి, పిల్లల చేతులకి పుళ్ళు లేచాయి. బస్తీవాళ్ళు మొదట దండాలు పెట్టారు, తర్వాత అర్జీలు పెట్టారు. కాలువ బాగుచేయించకపోతే ప్రమాదమని జాగ్రత్తల సారు కూడా పైవాళ్ళకి రాశాడట. కాలువ కన్నా గోడ చవక అని పైవాళ్ళు తేల్చారు. గోడ ఎత్తు పెరిగింది, డ్రిల్లులూ పెరిగాయి.

ఒక మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకి బస్తీ మొత్తం కర్రలతో, రాళ్ళతో కదిలొచ్చింది. రోడ్డు అవతల టైర్లు తగలబెట్టారు. సరిగ్గా అప్పుడే ప్యాకింగ్ ఆడవాళ్ళు బస్సు దిగారు. ఒంటిమీద కంపెనీ చొక్కాలు. గుంపు కోపమంతా ఆ చొక్కాల మీదికి మళ్ళింది. మిగతా ఆడవాళ్ళు దొరికిన సందులోకి పారిపోయి బతికిపోయారు. మా పెద్దమ్మ గేటు వైపు పరిగెత్తింది. అక్కడ తన మొగుడున్నాడు కదా.

డ్రిల్లులో అరిచే మాటలే అరిచింది. గేటు తెరుచుకోలేదు. పోలీసులు వచ్చేసరికి ఆవిడ గేటు మొదట్లో పడి ఉంది. కుడి మోచెయ్యి పిండైపోయింది. కంపెనీలో ఒక్క అద్దం కూడా పగల్లేదు.

ఆసుపత్రి వరండాలో పెదనాన్న మా నాన్నతో చెప్పాడు. పక్కనే నేనున్నాను. "చూశానురా. గొంతు కూడా విన్నాను. గేటుకున్న చిన్న తలుపు తీస్తే మనిషి పట్టేది. చెయ్యి లేవలేదు."

మా నాన్న ఆయన భుజం గట్టిగా పట్టుకున్నాడు. "ఆ మాట ఇక్కడే పాతెయ్ అన్నయ్యా. వదినకి తెలిస్తే బతకదు. పొగలో కనపడలేదని చెప్పు."

అలాగే చెప్పాడు. ఆవిడ నమ్మింది. నమ్మి ఊరుకుంటే బాగుండేది, వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. పాపం పొగలో నేను కనపడలేదు, కనపడితే ఆగే మనిషా, నాకంటే ఆయనే ఎక్కువ కుమిలిపోతున్నారు అనేది. వంగని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడం చేత్తో ముద్ద కలపడం నేర్చుకుంటూ, ఆయనకే ధైర్యం చెప్పేది. వీధిలో ఎవరైనా గొళ్ళెం అని వెటకారం చేస్తే వాళ్ళ మీదికి లేచేది. అది వింటుంటే నాకు పెదనాన్న మీద అసహ్యం వేసేది, వెంటనే జాలీ వేసేది. ఆ నమ్మకం ఒక్కటీ పోతే ఆ ఇంట్లో ఇంకేం మిగలదని మా అందరికీ తెలుసు.

ఇంతలో కంపెనీ ఇంకో దేశంలో ఫ్యాక్టరీ పెట్టడానికి బయల్దేరింది. అక్కడి కాపలావాళ్ళని నేర్చుకోమని మా ఊరికి పంపారు. వాళ్ళ ముందు పెదనాన్నకి సన్మానమన్నారు, భార్యని కూడా తీసుకురమ్మన్నారు. పెద్దమ్మని ఆపాలని మా నాన్న విశ్వప్రయత్నం చేశాడు. మా ఆయనకి సన్మానమైతే నేను పోకుండా ఎలా అని ఆవిడ నవ్వేసింది. పెదనాన్న యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ ఉండిపోయాడు. తోడుగా నన్ను పంపారు.

క్యాంటీన్‌లో కుర్చీలు వేశారు. పెద్దమ్మ ముందు వరసలో కూర్చుంది. ఆవిడకి అర్థం కావాలని, మర్యాద కోసం, జాగ్రత్తల సారు మా భాషలోనే మాట్లాడాడు. ఒక్కో మాటా ఆగి ఆగి, స్పష్టంగా పలికాడు. కొత్తవాళ్ళకి పక్కనొకతను వాళ్ళ భాషలో చెబుతున్నాడు.

"ఈయన మా విచారణలో ఏదీ దాచలేదు. బయట ఉన్నది తన భార్య అని చూశాడు. గొంతు గుర్తుపట్టాడు. అయినా మీట నొక్కలేదు. కొత్త దేశంలో మాకు కావలసింది ఇలాంటి మనుషులు."

చప్పట్లు మోగాయి. ఇంట్లో అబద్ధం చెప్పగలిగిన మనిషి కంపెనీకి చెప్పలేకపోయాడు. పెద్దమ్మ తల తిప్పి ఆయన వంక చూసింది. ఆయన చేతిలో పతకం పెట్టుకుని కాళ్ళ వంక చూసుకుంటున్నాడు.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. నేను వెనక సీట్లో ఉన్నాను. పెద్దమ్మ అడిగింది. "పొగ గేటు దాకా వచ్చిందా?"

"లేదు. రోడ్డు అవతలే ఉంది."

ఆవిడ గొంతు పెంచలేదు. "ఇన్నాళ్ళూ ఊరందరి దగ్గరా మిమ్మల్ని వెనకేసుకొచ్చాను. ఒక్కరోజైనా ఆపలేదేమండీ?"

మా స్టాపు వచ్చింది. పెదనాన్న ముందు దిగి, ఎప్పటిలాగే చెయ్యి అందించాడు. పెద్దమ్మ ఆ చేతిని చూసి, వెనక్కి తిరిగి, "కాస్త దింపు నాయనా" అని కండక్టర్ని పిలిచింది.